వేలానికి వచ్చిన ఆవకూర

కరోనా సద్దుమణిగిన తర్వాతి రబీలో నన్ను నంద్యాల మట్టి పరీక్షల ప్రయోగశాలకు అసిస్టెంట్ డైరెక్టరుగా వేశారు. మా శాఖలో అందరూ ‘ఏడీ’ అనే ఆ హోదాకు దక్కేది ఒక గది, ఒక పాత జీపు, బోలెడు ఫైళ్లు. నేను చేరేసరికే ఆళ్లగడ్డ మట్టి నమూనా ఒకదాని నివేదిక నా బల్ల మీద ఉంది.

ఆ మట్టి సువార్తమ్మది. రుద్రవరం రోడ్డు పక్కన ఆమెకున్నదే ఆ ఒక్క చెక్క నేల. ఎవడో బయటివాడు దాన్ని కౌలుకు తీసుకుని, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించి, చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. అక్కడ మేసిన మేకలు చచ్చాయి. ఆ చేనిలో తిండి పంట వేయకూడదని చెప్పే పని నా మీద పడింది. “అయితే నేనేం తినాల సార్, మీ కాగితమా?” అంది. నేను ఆ నేలను బాగుచేసే దారి వెతికాను.

కొన్ని మొక్కలు మట్టిలోని లోహాన్ని వేళ్లతో లాగి ఆకుల్లో, కాండంలో దాచుకుంటాయి. ఆవ అలాంటిదే; ఆమె చేనిలో అదే వేయించాను. అయితే సీసం మొండిది, తనంతట తాను కదలదు. దాన్ని వేళ్లకు అందించే మందును నీళ్లలో కలిపి కొలత ప్రకారం పారించాలి. పూత దశలో మొక్కను వేళ్లతో సహా పీకి, టార్పాలిన్ మీద ఎండబెట్టి, సంచుల్లో సీలు వేసి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. అలా ఎన్నో పంటలు తీస్తే గానీ నేల బాగుపడదు. ఆ ఆకు తినకూడదు, పశువులకు వేయకూడదు, కాల్చకూడదు, దున్ని మట్టిలో కలపకూడదు. ఇదంతా నోరు ఎండిపోయేదాకా చదివి వినిపించాను. సువార్తమ్మ అన్నిటికీ తల ఊపింది.

మొక్కలు పీకే రోజు ఆదివారం పడింది. నేను వెళ్లేసరికి ఒక సాలు పొడవునా లేత ఆకు కోసేసి ఉంది. ఎవరు కోశారని అరిచాను. పక్క చేనాయన తాపీగా, “ఈ పొద్దు కోత పండగ కదప్పా, గంపెత్తుకుని చర్చికి పాయె,” అన్నాడు.

కోత పండుగనాడు తొలి పంటలో కొంత తెచ్చి దేవుని ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక గుమ్మడికాయలు, కోళ్లు, గింజలు అన్నీ వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లి వండుకుంటారు. జీపు ఎంత వేగం పోగలదో ఆ రోజే చూశాను.

చర్చి పందిట్లో పాస్టరుగారు గంప ఎత్తి చూపిస్తున్నారు. ఆకు నిగనిగలాడుతోంది. తొలి పాట సువార్తమ్మదే. తన ఆకు తానే పాడుకుంటోంది! ఆమె ఎత్తు అప్పుడు అర్థమైంది. కానీ ఒక టీచరమ్మ, మనవళ్లకు పప్పులోకి కావాలంటూ, పట్టు విడవకుండా పెంచుతోంది. కాసేపటికి చేతిలో డబ్బు చాలక సువార్తమ్మ పాట ఆపేసింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నిజం చెబితే ఆమె కానుక విషమని ఊరంతా అంటుంది. చెప్పకపోతే పిల్లలు తింటారు.

చెయ్యెత్తి నేనూ పాడాను. టీచరమ్మ పెంచింది, నేనూ పెంచాను. ఆమె తగ్గకపోతే నిజం చెప్పేయడానికే సిద్ధపడ్డాను. నంద్యాలలో కిరాణా కొట్టు నడిపిన మా నాన్న, గంపెడు ఆకు కోసం నా పాట చూసి ఉంటే తల బాదుకునేవాడు. చివరికి టీచరమ్మ, “అంత ఆశైతే మీరే తినండి సార్,” అని కూర్చుంది. పందిరంతా నవ్వింది.

బయటికొచ్చి ఆకంతా సంచిలో వేసి సీలు వేస్తూ సువార్తమ్మ మీద మండిపడ్డాను. ఆమె తగ్గలేదు.

“తినొద్దంటిరి, తినలా. గొడ్లకు ఎయ్యొద్దంటిరి, ఎయ్యలా. దేవునికి పెట్టొద్దని యాడ చెప్పినారు? నేనే పాడుకుని మీ సంచిలోనే ఏద్దామనుకుంటి. ఆ టీచరమ్మ అడ్డం పడుతుందని నాకేం తెలుసు?” తర్వాత గొంతు తగ్గించి, “ఇన్నేండ్లూ వట్టి చేతుల్తో పోయినా సార్,” అంది. నా కోపం అక్కడే చల్లారింది.

మరుసటి ఏడు ఆ చేను గట్టున, మందు పారని చోట, బంతి వేయించాను. పూలను అక్కడ వేలం వేయరు, ఎవరూ తినరు. ఆ పండుగకు చర్చి గుమ్మం నిండా సువార్తమ్మ దండలే. ప్రార్థన ముగిసి అందరూ వెళ్లాక వాడిన దండలన్నీ తానే విప్పి, సంచిలో కుక్కి, జీపు దగ్గరికి మోసుకొచ్చి, “సీలు ఎయ్యండి సార్,” అంది.

మా సూచనల కాగితంలో ఆ తర్వాత ఒక వాక్యం చేర్చాను: తొలి కోత ఎవరి ముందు పెడతారో రైతును విత్తనం వేయకముందే అడగాలి.