దుకాణం ఎవరి పేరున

సౌదీలోని ఉనైజాలో సొంతంగా ఏసీ రిపేర్ల దుకాణం పెట్టాలని అనుకున్ననాటికి నా దగ్గర పన్నెండేళ్ల పనితనం తప్ప ఇంకేమీ లేదు. ఖర్జూరాలు నిలవచేసే కోల్డ్ రూముల్లో కంప్రెసర్లు బాగుచేస్తూ ఊరి చుట్టూ ఉన్న తోటలన్నీ తిరిగాను. నా చేతి పని మీద తోటల వాళ్లకు నమ్మకం ఉంది. కానీ నాలాంటి పనివాడి పేరు మీద లైసెన్సు రాదు. ముందుగా కావలసింది ఒక సౌదీ పౌరుడి పేరు.

నాకు వీసా ఇచ్చి పూచీ పడ్డ యజమాని, అంటే నా కఫీల్, తోటల ఆసామి, ముసలాయన. ఆయన్ని బాబా అని పిలిచేవాణ్ణి. వారం రోజులు జంకి, ఒక సాయంత్రం తోటలో ఆయనకు కాఫీ పోస్తూ అడిగేశాను.

"పేరు ఇస్తాను. దానికి మచ్చ రానివ్వకు," అన్నాడు అరబీలో. అందుకు నెలకింత అని ఒప్పుకున్నాం. కాగితం మాత్రం రాసుకోలేదు.

దేశం విడిచి వెళ్లిపోతున్న పాకిస్తానీ మెకానిక్ ఒకాయన తన గ్యాస్ వెల్డింగ్ సెట్టు, వ్యాక్యూమ్ పంపు నాకు అగ్గువకు ఇచ్చాడు. నా రూమ్‌లో అద్దెకు ఉండే జగిత్యాల వాళ్లు తమ చిట్టీ ముందుగా నాకు వదిలారు. హైదరాబాద్ డ్రైవర్ ఒకతను తన పాత పికప్ తెచ్చి నిలబెట్టాడు.

"బండి నాది, పని నీది అన్నా. ఇంకేం గావాలె?" అన్నాడు. అలా ఇద్దరం భాగస్థులమయ్యాం.

రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత స్థానికులకు ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ రూలు వచ్చి పడింది. ఒక్క సౌదీ అయినా ఉద్యోగిగా లేకపోతే దుకాణం సర్కారు లెక్కలో ఎరుపు రంగులో పడుతుంది, అక్కడ ఉండనిచ్చే మా అకామా కార్డులు రెన్యువల్ కావు. బాబా తన కూతురి పేరు రాయించాడు. ఆమె కాలేజీ చదువు ముగించి ఇంట్లోనే ఉంది. జీతం ఇంటికి పంపేవాళ్లం. అంతటితో గండం గడిచిందనుకున్నాం.

నాలుగైదేళ్ల తర్వాత ఒక ఉదయం బాబా కూతురు దుకాణంలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా పేరు ఇక్కడ రాసి ఉంది. నా పనేమిటి?"

పరాయి ఆడమనిషి ఉన్నచోట ఉండకూడదని డ్రైవర్ గబగబా బయటికి వెళ్లిపోయాడు. నేను లేచి నిలబడ్డాను. "పనేమీ లేదు మేడమ్. జీతం ఇంటికే వస్తుంది కదా."

"చేయని పనికి జీతం నాకొద్దు."

మర్నాటి నుంచి ఫోను ఆమే ఎత్తింది. తోటల యజమానులతో మాట్లాడి ఏడాది పొడవునా మెయింటెనెన్స్ ఒప్పందాలు తెచ్చింది. నాకు చేతకాని పని అది. పని పెరిగింది. దాంతోపాటు దుకాణం నా చెయ్యి జారుతుందేమోనన్న భయమూ పెరిగింది.

అంతలో మాలాంటి పరదేశీల వెంట ఉండే కుటుంబాల మీద పన్ను వచ్చింది. భార్యకు, ఇద్దరు పిల్లలకు తలకింత అని ఏటేటా పెంచుకుంటూ పోతుంటే డ్రైవర్ తట్టుకోలేకపోయాడు.

"ఆళ్లను పంపి నేనొక్కణ్ణే ఉండుడు నాతోని గాదు అన్నా," అని మళ్లీ రాకుండా వెళ్లిపోయే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకున్నాడు. పికప్ నాకే వదిలేసి, "నా భాగం నీ ఇమానానికే ఒదిలేస్తున్న," అన్నాడు.

కొన్నాళ్లకు ఆమె నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది. తన తండ్రి పేరు వెనక నేను దుకాణం నడపడం నేరమని, తనిఖీలు మొదలయ్యాయని చెప్పింది. చిన్న వ్యాపారాలకు ఇచ్చే సర్కారు లోనుకు తన పేరున అర్జీ పెట్టానంది. ఆ అర్జీ నాకు చూపించింది. అందులో మా తోటల పేర్లన్నీ ఉన్నాయి. నేను ఏళ్ల తరబడి తిరిగి నమ్మకం సంపాదించుకున్న తోటలు.

"నీకు జీతం, గది, అకామా ఖర్చు నేనిస్తాను. పనిముట్లకు, బండికి ధర చెప్పు, కొంటాను."

"తోటలకు?" అని అడిగాను.

ఆమె అర్జీలో తోటల పేర్లున్న పేజీ మళ్లీ చూసింది. "వాటికి ధర ఎలా కడతారో నాకూ తెలియదు," అంది.

నేను చెప్పిన ధర తగ్గించకుండా ఇచ్చింది. సంతకం పెట్టాను. డ్రైవర్ భాగం హైదరాబాద్‌కు పంపాను.

ఆమె దగ్గర ఇంకో మూడేళ్లు చేశాను. కొత్త వ్యాను వచ్చింది, మరో ఇద్దరు టెక్నీషియన్లు వచ్చారు. ప్రతి పెద్ద పనికీ నన్ను అడిగి గానీ ఒప్పుకునేది కాదు. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చాలాసార్లు చూశాను. ఆమె ఏ తప్పు చేసిందో చెప్పలేకపోయేవాణ్ణి. రాయని ఒప్పందం మీద నా బతుకంతా పెట్టింది నేనే.

ఊళ్లో ఉన్న నా భార్య ప్రతి శుక్రవారం ఫోనులో అడిగేది, "మన దుకాణం ఎట్ల నడుస్తుంది?"

"మంచిగనే నడుస్తుంది," అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. ఆమె 'మన' అన్నదాన్ని మాత్రం దిద్దకుండానే ఫోను పెట్టేసేవాణ్ణి.