గరాటులో బంతిపూలు

ఒక్క అబద్ధంతో తేలిపోయే పనికి అప్పలకొండమ్మ నిచ్చెన ఎందుకెక్కింది? నాకు ఇప్పటికీ తెలియదు.

పిడుగంటే ఆవిడకున్న భయం మా కిరండూల్ వీధిలో అందరికీ తెలుసు. చిన్నప్పుడు విజయనగరం అవతల జీడితోటలో ఆమె కళ్లముందే అన్న మీద పిడుగు పడిందట. పెళ్లయి, కొత్తవలస రైలెక్కి ఈ ఇనుపగనుల కొండల్లోకి వచ్చాక కూడా ఆ భయం దిగలేదు. దూరంగా ఉరిమినా చాలు, అద్దం మీద తువ్వాలు కప్పి, చెవులు మూసుకుని, "అర్జునా, ఫల్గుణా" అనుకుంటూ మూలకు చేరేది.

భర్త చక్రధరరావు గనిలో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. చేతులూరుకోక డాబా మీద వాతావరణ యంత్రమొకటి బిగించాడు. ఇనుప గొట్టానికి గాలికి తిరిగే మూడు గిన్నెలు, వేడినీ తేమనూ పసిగట్టే సెన్సర్ దాగిన తెల్లటి గూడు, ఆ పక్కన వాన కొలిచే గరాటు. గరాటులో పడ్డ నీరు సన్నటి బెజ్జంలోంచి కింద ఊయలబల్లలా ఉన్న చిన్న దొప్పలోకి జారుతుంది. దొప్ప నిండి ఒరిగినప్పుడల్లా హాల్లో తెర మీద అంకె పెరుగుతుంది.

ఆయన మోకాళ్లు అరిగాక డాబా పని ఆవిడ మీద పడింది. ఖనిజం ఎర్రదుమ్ము వారం తిరక్కుండానే గరాటు అడుగున పేరుకుంటుంది. పాత టూత్‌బ్రష్షూ చీపురుపుల్లా పట్టుకుని ఎక్కేది. ఆయన కింద కుర్చీలోంచి అజమాయిషీ.

"అటు కాదే, గూటి కింద. సాలీడు ఉంటాది, సూడు."

"ఉంది. పిల్లల్ని కూడా పెట్టింది. బారసాలకి పిలవమంటారా?"

ఈ యంత్రం వాళ్లిద్దరి సరదాగా మిగిలిపోయేదే, పొజ్జే లేకపోతే. పొజ్జే వాళ్లింట్లో పనికి వచ్చే ఇక్కడి కొండమనిషి, తెలుగులో హిందీ కలిపి మాట్లాడుతుంది. బస్తీ చివర వాగు ఒడ్డున కూతురితో, రెండు మేకలతో ఉండేది. కొండ మీద కుండపోతగా పడుతున్నా ఆమె గుడిసె దగ్గర తుంపరే ఉంటుంది. వాగు మాత్రం చెప్పకుండా వచ్చి మీద పడుతుంది. అప్పలకొండమ్మ ఇల్లు కొండ మొదట్లోనే. వాన అంకె గంటకు యాభై మిల్లీమీటర్లు దాటితే ఫోన్ చేయాలి, పొజ్జే పిల్లతో మెరక మీది స్కూలు వరండాకు ఎక్కెయ్యాలి. అదీ ఒప్పందం.

ఒకసారి ఒప్పందం వికటించింది. గొట్టం బిగింపు వదులై, ఈదురుగాలికి దొప్ప దానంతటదే అటూ ఇటూ ఊగింది. అంకె పరుగెత్తింది. ఫోన్ వెళ్లింది. పొజ్జే మేకలతో, గిన్నెలతో స్కూలెక్కి కూర్చుంది. చుక్క రాలలేదు. బస్తీ అంతా నవ్వింది. మర్నాడు పొజ్జే అంట్ల దగ్గర కూర్చుని తలెత్తకుండా అంది:

"అమ్మా, ఇక నుంచి నంబర్ సహీగా చూసే చెప్పు. కసమ్."

అప్పలకొండమ్మ ఒట్టని ఆ తడిచేతిలో చెయ్యి వేసింది. ఆ వారమే కొత్త క్లాంపు వేయించారు.

మొన్నటి సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు మా ఊళ్లో బొట్టు లేని యంత్రం ఉండదు. స్క్రూడ్రైవర్ నుంచి డంపర్ దాకా పసుపూ, కుంకుమా, దండా. అప్పలకొండమ్మ డాబా ఎక్కి గొట్టానికి పసుపు రాసి, మూడు గిన్నెలకూ బొట్లు పెట్టి, బంతిపూల దండ చుట్టింది.

"పెళ్లి సేత్తన్నావేటే దానికి?" అన్నాడాయన.

"మీకన్నా పనికొత్తంది గదా."

మర్నాడు మధ్యాహ్నం, ఆ వీధిలోనే ఉండే మేస్టర్ని, నేను వాళ్లింట్లో ఉన్నాను. ఉన్నట్టుండి కొండ కనపడకుండా పోయింది. డాబా మీద వాన గులకరాళ్లు పోసినట్టు మోగింది. ఆవిడ అప్పటికే మూలకు చేరింది. చక్రధరరావు తెర వంక చూసి అన్నాడు:

"ఇదేటి? వాన సున్నా అంతంది!"

గాలి అంకె ఆడుతోంది, బ్యాటరీ గుర్తు నిండుగా ఉంది. వాన మాత్రం సున్నా. ఆవిడ చెవుల మీంచి చేతులు తీసింది.

"పూలండీ," అంది. "నా పూలే."

ఫోన్ చేసింది. పొజ్జే గొంతు మా అందరికీ వినిపించింది.

"ఇక్కడ తుంపరే అమ్మా. నంబర్ కిత్నా, ఎంత?"

"మిషను సెడిందే. నువ్వు బయల్దేరు."

"ఆ రోజూ చెడింది కదా! బచ్చీకి జ్వరం అమ్మా, ఒళ్లు కాలుతోంది. ఊరికే తడపమంటావా? నంబర్ చూసి చెప్పు, తురంత్ వెళ్లిపోతా."

చక్రధరరావు గుసగుసగా అన్నాడు: "అరవై అని సెప్పెయ్యే. ఎవుడు సూడొచ్చాడు?"

ఆవిడ ఆయన వంక చూసింది. ఫోన్ ఆయన ఒళ్లో పెట్టి, తువ్వాలు తలకు చుట్టుకుని బయటికి నడిచింది. నేను వెంట పరుగెత్తి నిచ్చెన పట్టుకున్నాను. ఇనుప నిచ్చెన. మెరిసినప్పుడల్లా ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని మెట్టు మీద ఆగిపోయేది. ఉరుము దొర్లిపోయాక మరో మెట్టు.

పైనుంచి మాట వినిపించింది.

"మేస్టారూ, బెజ్జం మూసుకుపోయింది. పూరేకులూ దుమ్మూ కలిసి ముద్దైపోనాయి. గరాటు నిండా నీళ్లున్నాయి."

"బెజ్జం పొడిచెయ్యమ్మా! అంకె అదే వస్తుంది!"

"అందులో రాత్రి జల్లు కూడా ఉంది గదా!"

ఆకాశం తెల్లగా చీలింది. ఆ వెలుగులో ఆవిడ గరాటు విప్పి, నీళ్లన్నీ పక్కకు వంపేయడం చూశాను. అప్పుడు పుల్లతో బెజ్జం పొడిచి, మళ్లీ బిగించి, అక్కడే గొట్టం పక్కన కూలబడింది. ఏడుస్తోందేమో, వానలో తెలియలేదు.

"కదిలిందే! కదిలింది!" లోపలి నుంచి ఆయన అరిచాడు. "గంట లెక్కన డెబ్బై దాటతంది! దిగు, దిగు!"

ఆవిడ దిగేసరికి ఆయన ఫోన్ కలిపి పెట్టాడు. పళ్లు టకటకలాడుతుంటే చెప్పింది: "డెబ్బై, పొజ్జే. నిజం. ఒట్టు."

"నిక్లీ, అమ్మా, బయల్దేరా," అని వినిపించింది. లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

ఆ సాయంత్రం వాగు గుడిసె వెనకగోడను ఎత్తుకుపోయింది. అప్పటికే తల్లీ కూతురూ మేకలూ స్కూలు వరండాలో ఉన్నారు. కానీ ఈ మాట మాకు తెలిసింది తర్వాత. అప్పుడు మాకు తెలిసింది తెగిన లైనూ, కొండవైపు నుంచి వస్తున్న ఒక హోరూ.

"కూకోయే, తల తుడుసుకో," అంటున్నాడాయన. నేను తువ్వాలు కోసం లోపలికెళ్లి వచ్చేసరికి ఆవిడ అక్కడ లేదు.

పక్కసందు కొట్టుకు వెళ్లినా "ఎల్లొత్తానండి" అనకుండా గడప దాటని మనిషి. మా ఇద్దరికీ ఒక్క మాట చెప్పలేదు. వీధి చివర, వాగు దారిలో, రెండు చేతులతో చెవులు మూసుకుని, వానలో పరుగెత్తుతోంది.