సొంత గోల్

ఒమన్ దేశంలోని సోహార్‌లో నేను పనిచేసే ఇంటి పాపను సాయంత్రాలు ఫుట్‌బాల్ నేర్చుకోవడానికి తీసుకెళ్లేదాన్ని. నేర్పే మేడమ్‌ది పోర్చుగల్. తన దేశపు ఆడవాళ్ల జట్టులో డిఫెండర్‌గా ఆడిందట. మోకాలు దెబ్బతిన్నాక ఇక్కడికి వచ్చింది. పిల్లలు తమ గోల్‌లో బంతి పడనిచ్చినప్పుడల్లా తనే కుంటుకుంటూ వెళ్లి, వలలోంచి బంతి తీసి, చొక్కాకు తుడిచి, తప్పు చేసిన పిల్ల చేతిలోనే పెట్టేది. తిట్టగా నేనెప్పుడూ వినలేదు.

ఒక మ్యాచ్‌లో మా పాప బంతిని మా గోల్‌లోకే కొట్టేసింది. ఏడుస్తూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, ఇంక ఆడనంది. మేడమ్ వెనకే వచ్చింది.

"నేనూ ఇలాగే కొట్టాను, దేశం తరఫున ఆడుతూ."

"ఏడ్చారా?" అంది పాప.

"ఆట అయ్యాక. ముందు ఆడాను."

పాప కళ్లు తుడుచుకుని మైదానంలోకి వెళ్లి చివరిదాకా ఆడింది. అయినా మేం ఓడిపోయాం.

అందరూ వెళ్లిపోతుంటే, నాకొచ్చిన నాలుగు ముక్కల అరబ్బీలో మేడమ్‌ను అడిగాను.

"నిజంగానే కొట్టినారా, పాప కోసం చెప్పినారా?"

"నిజమే. ఆ తర్వాత నన్ను మళ్లీ జట్టులోకి పిలవలేదు," అంది, మోకాలికి ఐస్ పెట్టుకుంటూ.

"ఆ మాట పాపకు చెప్పలేదే?"

"అడిగినదానికి చెప్పాను. ఆ తర్వాత ఏమైందని అడిగే వయసు రానివ్వు," అని గోల్ వల విప్పడానికి లేచింది.