గిన్నెలో కలిసిపోయిన ముత్యాలు

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో మా అమ్మాయి నిశ్చితార్థం నాటి మాట ఇది. మా జమీందారీలో మిగిలింది నాయనమ్మ సముద్రపు ముత్యాల హారం ఒక్కటే. దాని సంగతి పెళ్లివారికి ముందే చెప్పి ఉన్నాను. మా ఆవిడ దాన్నీ, హైదరాబాదులో కొన్న మంచినీటి ముత్యాల దండనూ కొత్త దారం ఎక్కించడానికి విప్పి, ఒకే గిన్నెలో కడిగేసింది.

"సముద్రపువి గుండ్రంగా ఉంటాయి, చెరువువి సొట్టగా ఉంటాయంటారు కదేటి. ఏరండి మరి," అంది తాపీగా.

సొట్టవి రెండింట్లోనూ ఉన్నాయి. అసలు ముత్యం పంటికి రాస్తే గరగరలాడుతుంది. అన్నీ గరగరలాడాయి. బిల్హా నుంచి వచ్చే లోకల్ రైల్లో పెళ్లివారు దిగే వేళైంది.

"అచ్ఛా, అన్నీ కలిపి గుచ్చేయండి నాన్నా. నా మెడకేటి తెలుస్తాది?" అని అమ్మాయి విసుక్కుంది. అలాగే గుచ్చాం.

"ఇవన్నీ మీ నాయనమ్మగారివేనా అండీ?" అని కాబోయే వియ్యపురాలు ముచ్చటపడింది.

"అన్నీ ఆవిడవే," అన్నాను నిటారుగా కూర్చుని.

ఇప్పటికీ అమ్మాయి వచ్చినప్పుడల్లా ఆ హారంలో మా నాయనమ్మ ముత్యాలను వెతుకుతూనే ఉంటాను. "దొరికాయేటి?" అని అడగడం మా ఆవిడా మానలేదు.