పూజలోంచి తీసిన బంతి

మా నాయన నా బాస్కెట్‌బాల్‌ను అడిగిన రోజు నేను ఇల్లు పీకి పందిరేశాను. స్కూలు జట్టులో నాకు చోటు దొరికిందని ఆయనే ముచ్చటపడి కొనిచ్చిన బంతి అది. తొంభైల చివర్లో మేము కె.ఆర్.పురం స్టేషను వెనక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాయన హొసకోటె దగ్గర ఒక ఫ్యాక్టరీలో రేకులు వంచే ప్రెస్సు నడిపేవాడు. ఆ వేసవిలో ఆ ప్రెస్సే ఆయన కుడి చూపుడువేలు సగం తీసుకుపోయింది. కట్టు విప్పాక మిగిలిన వేళ్లు కూడా కొయ్యముక్కల్లా బిగుసుకుపోయాయి. అప్పటినుంచి నలుగురిలోకి వెళ్తే ఆ చేయి ప్యాంటు జేబులోనే ఉండేది. గుళ్లో ప్రసాదం కూడా ఎడమచేత్తోనే తీసుకునేవాడు.

వేళ్లు సాగడానికి మెత్తటి రబ్బరు బంతి పిసకమన్నాడు డాక్టరు. నాలుగు రోజులు పిసికి నాయన దాన్ని మంచం కిందికి తన్నేశాడు.

"చంటిబిడ్డల ఆట ఇది. నీ బాలు ఇట్లియ్యి పాపా."

"ఇయ్యను పో! నీది నువ్వు కొనుక్కో."

అసలు సంగతి అమ్మ చెప్పింది. చేయి మునుపట్లా ఆడితేనే మెషీను, లేకుంటే గేటు దగ్గర వాచ్‌మన్ పని, ఆయుధపూజ నాటికి తేల్చేస్తామని సూపర్‌వైజరు చెప్పిపోయాడట. కర్ర పట్టుకుని గేటు కాడ కూర్చోవడమంటే మా నాయనకు తల కొట్టేసినట్టే. ఆ సాయంత్రం నేనే బంతి తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను.

అట్లా నేను గురువునయ్యాను, అదీ తిక్క గురువును. బంతిని నడుము చుట్టూ తిప్పడం, కాళ్ల మధ్య ఎనిమిది అంకె గీసినట్టు తిప్పడం, వేళ్ల కొనలతో ఈ చేతినుంచి ఆ చేతికి టపటపా తట్టడం, ఇవన్నీ మా సీనియర్ అక్కలు నాకు నేర్పినవి. నిజం చెప్పాలంటే వాటిలో సగం నాకే రావు. అయినా మిద్దె మీద నిలబడి అరిచేదాన్ని.

"అరచేత్తో కాదు నాయనా, వేళ్లతో! ఎన్నిసార్లు చెప్పాల?"

"చెప్తా ఉండు పాపా. ఎక్కేదాకా చెప్తానే ఉండు."

ఒకసారి బంతి జారి పక్కింటావిడ ఎండబెట్టుకున్న అప్పడాల మీద పడింది. ఆవిడ పైకి చూసి, "ఈ వయసులో నీకిదేం పోయేకాలమప్పా!" అంది. "పోయేకాలం కాదక్కా, వచ్చేకాలం" అన్నాడు నాయన నవ్వుతూ. గాయం చిట్లి నెత్తురొచ్చిన రోజున కూడా గుడ్డ చుట్టుకుని మిద్దెక్కాడు. అబ్బా, ఏం మొండి ఘటం! అందులో పిసరంత మా జట్టుకు ఉండుంటే ఒక్క మ్యాచీ ఓడేవాళ్లం కాదు. చివరికి బంతిని వేలిమీద నిలబెట్టి తిప్పే విద్య కూడా, మధ్యవేలి మీద, నాకంటే ముందు ఆయనకే పట్టుబడింది. నాకు కుళ్లూ వచ్చింది, గర్వమూ వచ్చింది.

ఆయుధపూజ వచ్చింది. నాయన స్పానర్లు, అమ్మ కుట్టుమిషను, ఆ వరసలోనే నా బంతి. అమ్మ దానికి గంధం పూసి చుట్టూ కుంకుమ బొట్లు పెట్టింది. పూజలో పెట్టిన పనిముట్టును మరునాటిదాకా కదిలించకూడదు. నేను చేయి పెట్టబోతే, "ముట్టుకున్నావంటే చేయి ఇరుస్తా!" అంది.

ఆ రోజు ఫ్యాక్టరీలోకి ఇంటివాళ్లనూ రానిస్తారు. అమ్మా నేనూ నాయన వెంట వెళ్లాం. మెషీన్లన్నిటికీ అరటి పిలకలు, బంతిపూల దండలు కట్టారు. అందరికీ బొరుగులు పంచుతున్నారు. నాయన ఎడమచేత్తో తన ప్రెస్సుకు కుంకుమ పెడుతుంటే నాకు ఒళ్లు మండింది.

"నీ వేలు తిన్నదానికి బొట్టు పెడతాండావా?"

"ఇన్నేండ్లు అన్నం పెట్టింది కూడా అదే కదా పాపా."

ఇంతలో మేనేజరు లడ్డూల డబ్బాతో వచ్చాడు. సూపర్‌వైజరు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మేనేజరు నాయన వైపు తిరిగాడు.

"ఈరోజు మెషీను ఆన్ చేసేదానికి లేదు. రేపు నేను ఊర్లో ఉండను. నీ చేయి బాగైందని ఎట్లప్పా నమ్మేది?"

నాయన మొహం వాడిపోయింది. బంతి ఉంటే బాగుండేదని నేను గొణిగాను. "అది పూజలో ఉండాది పాపా" అన్నాడు మెల్లగా. అమ్మ చేతిసంచీ కింద పెట్టి, అందులోంచి బంతి తీసింది. గంధం ఇంకా పూర్తిగా ఆరలేదు.

"అమ్మా! రేపటిదాకా ముట్టకూడదంటివే!"

"ఆయుధాలకి ఈ ఒక్కరోజే రెస్టు. మీ నాయన చేయికి ఎండాకాలం నుంచీ రెస్టే. ఇంక చాలు. సామికి నేను చెప్పుకుంటాలే."

నాయన జేబులోంచి చేయి తీశాడు. బంతిని మధ్యవేలి మీద నిలబెట్టి తిప్పాడు. అంతటితో ఆపుతాడనుకున్నాను. ఆపలేదు. తిరుగుతున్న బంతిని నెమ్మదిగా పక్కకు జరిపి, సగం మిగిలిన చూపుడువేలి మీదికి తెచ్చుకున్నాడు. మాకెవరికీ తెలియకుండా ఎప్పుడు నేర్చుకున్నాడో ఏమో! కుంకుమ బొట్లన్నీ కలిసిపోయి బంతి చుట్టూ ఎర్రటి గీత కనబడింది. బొరుగులు నములుతున్నవాళ్లు నమలడం ఆపేశారు.

"వేలు తీసుకున్న మెషీను కాడికే మళ్లీ పోతానంటావేమప్పా?" అన్నాడు మేనేజరు.

"పోయింది సగం వేలే సార్. దానికోసం పనంతా పోగొట్టుకుంటానా?"

మేనేజరు నవ్వి, "సరే, సెలవు కాంగానే మెషీను కాడికి వచ్చెయ్" అంటూ లడ్డూ తీశాడు. అలవాటుగా నాయన ఎడమచేయి లేవబోయింది. మళ్లీ ఏమనుకున్నాడో, బంతిని నావైపు విసిరి, అందరి ముందూ కుడిచేయి చాపాడు.