మీదే అనుకోండమ్మా

తెనాలిలో స్వర్ణలత ఇంటి ముందు తెల్లవారేసరికి గిన్నెలు బారులు తీరతాయి. ఆ వీధిలో ఇడ్లీ మెత్తగా వచ్చిందంటే ఆ పుణ్యం ఆవిడ రుబ్బిన పిండిదే. అయితే నిత్యం మినప్పప్పుతో పని చేసే ఈ మనిషి ఒకప్పుడు నిజంగానే పప్పులో కాలేసింది.

భర్త బాబూరావు ఆటో సంపాదన తిండికీ ఇంటద్దెకీ సరిపోయేది. కూతురి ఫీజు కోసం పిండి అమ్ముదామనుకుంది స్వర్ణలత. గ్రైండరు కొనాలంటే తొమ్మిది వేలు. అంత సొమ్ము ఒక్కసారిగా తెచ్చే దారి లేదు. ఓ దుకాణంలో వారానికి మూడు వందలు అద్దె కడితే ఏడాదిన్నరకు వస్తువు సొంతమవుతుందన్నారు. దుకాణదారు కుర్చీ వేసి, కూల్‌డ్రింకు తెప్పించాడు.

"అద్దె అన్న మాటెందుకండీ! ఇవాళ్టి నుంచీ మీదే అనుకోండమ్మా" అన్నాడు.

ఆ మాట మనం చుట్టాలతోనూ అంటాం. "మా ఇల్లు మీదే అనుకోండి" అన్నామని ఏ చుట్టమూ దస్తావేజులు అడగడు. స్వర్ణలత మాత్రం "మీదే" అన్నంతవరకే ఇంటికి తెచ్చుకుంది. "అనుకోండి" ఆ దుకాణంలోనే ఉండిపోయింది.

కొన్నాళ్ళకు మోటారు కాలింది. "మీదే కదమ్మా, రిపేరు మీరే చేయించుకోవాలి" అన్నారు. చేయించుకుంది. పదకొండో నెలలో బాబూరావుకు టైఫాయిడ్ వచ్చి ఆటో మూలపడింది. రెండు వారాలు అద్దె కట్టలేకపోయింది. ఈసారి దుకాణం మనుషులు ఇంటికొచ్చి, "మాదే కదమ్మా" అంటూ గ్రైండరు ఎత్తుకుపోయారు. ఇన్నాళ్ళూ కట్టిన డబ్బు మాటేమిటంటే అది అద్దేనట, అద్దె ఎవరైనా తిరిగిస్తారా అన్నారు. నానబోసిన పప్పు బకెట్లో అలాగే ఉంది. కూతురి ఫీజు గడువు నెత్తి మీదికొచ్చింది.

ఎదురింటి సుబ్బరత్నమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. అడక్కుండా కరివేపాకు రెమ్మ తుంపినా ఊరుకోదని వీధంతా చెప్పుకునే మనిషి.

"పిచ్చిమొహమా, ఇప్పటిదాకా కట్టినదాంతో గ్రైండరూ వచ్చేది, మిక్సీ వచ్చేది. గడువు పూర్తయ్యేదాకా కట్టుంటే రెండు గ్రైండర్లు కొన్నా ఇంకా మిగిలేది" అని చెడామడా తిట్టింది. తిట్టి లోపలికెళ్ళి, అటక మీది తన గ్రైండరు దింపించి పట్టుకొచ్చింది.

"ఇది నాది. గుర్తుపెట్టుకో. గీత పడిందా, ఊరుకోను."

"అద్దె ఎంతండీ, పిన్నిగారూ?"

"అద్దె అన్నావంటే వెనక్కి పట్టుకుపోతా. ఆ మూడు వందలూ వారం వారం పోస్టాఫీసులో వేసుకో. ముందు పప్పు రుబ్బు, పులిసిపోతుంది."

ఆ పప్పు రుబ్బుతూ స్వర్ణలత కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఫీజు గడువులోపే కట్టింది. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం చర్చిలో ఆవిడ ప్రార్థన సుబ్బరత్నమ్మ పేరుతోనే మొదలయ్యేది. సంగతి తెలిసి సుబ్బరత్నమ్మ, "అది నాదేనని మీ దేవుడికి కూడా ఓ మాట చెప్పు" అంది.

పోస్టాఫీసు డబ్బుతో స్వర్ణలత రొక్కమిచ్చి కొత్త గ్రైండరు కొనుక్కుంది. అప్పటికి సుబ్బరత్నమ్మ బాపట్లలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం కాదు స్వర్ణలత. పాత గ్రైండరు కడిగి, దుప్పట్లో చుట్టి, బాబూరావు ఆటోలోనే బాపట్ల తీసుకెళ్ళింది.

సుబ్బరత్నమ్మ కళ్ళజోడు పెట్టుకుని గ్రైండరు చుట్టూ చూసింది. గీత లేదు. కాస్త నిరాశపడినట్టే కనిపించింది.

"నాకిక్కడెందుకే ఇది? అవసరం ఉన్నవాళ్ళెవరికైనా ఇవ్వు."

"మీ మేలు ఎలా తీర్చుకోనండీ?"

"చెప్పాగా, ఇవ్వమని."

ఎవరికివ్వాలో స్వర్ణలతకు వెంటనే తట్టింది. రేపల్లెలో తన పిన్ని కూతురు సింధు టిఫిన్ బండి పెడుతోంది. వారం వారం అద్దె కట్టి గ్రైండరు తెచ్చుకుంటానని, దుకాణంవాళ్ళు మీదే అనుకోండి అన్నారని ముందురోజే ఫోన్లో మురిసిపోయింది. ఆటో అటునుంచి అటే రేపల్లె వెళ్ళింది.

దుప్పటి విప్పగానే సింధు మొహం వెలిగిపోయింది. "అక్కా, ఇది నాకేనా?"

"కాదే" అంది స్వర్ణలత, గొంతు గట్టి చేసుకుని. "ఇది సుబ్బరత్నమ్మగారిది. గీత పడిందా, ఊరుకోను."