పసుపు దారం కోడి

చాలా ఏళ్లుగా నా గొంతులో ఒక ఎముక ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. పేరు చెప్పను. తార్నాకలో ఉండే ఒక ముసలిదాన్ని, నాలుగో తరగతి దాటనిదాన్ని అనుకోండి చాలు. జాలి మాత్రం పడకండి. నాకు నచ్చదు.

నా కోడలు క్రైస్తవుల పిల్ల. క్యాంపస్‌లో చదివేటప్పుడు నా కొడుకు ఇష్టపడి చేసుకున్నాడు. పెళ్లయ్యాక కూడా ఆమె పుస్తకాలు వదల్లేదు. గుట్టల గురించి జనం చెప్పుకునే పాత కథలు పోగుచేసి యూనివర్సిటీలో పెద్ద చదువు చదువుతుండేది. ఆ కథల కోసమే ఒక వేసవిలో గుట్ట కింది ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకుని అందరం వెళ్లాం. పిల్లలకు సెలవులు, ఆమెకు పని. అక్కడ బండకో కథ. దీని మీద భీముడు వండుకున్నాడట, ఆ గుహలో అమ్మవారు నిద్రపోయిందట. అవన్నీ ఇంటామె మల్లమ్మకు నోటికి వచ్చు. కోడలు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని వినేది. నా దగ్గర ఏనాడైనా అట్లా కూర్చుందా?

మల్లమ్మ ఒక కోడిని అమ్మవారికి మొక్కి విడిచింది. దాని కాలికి పసుపు దారం కట్టింది. కూతురికి అంతకుముందు కడుపు నిలవలేదు. ఈసారి కాన్పు క్షేమంగా అయితే ఆ కోడిని గుట్ట మీద అమ్మవారికి ఇస్తానని మొక్కు. దాని జోలికి వెళ్లొద్దని కోడలు మా అందరికీ చెప్పింది. అమ్మవారి సంగతి ఆమె నాకు చెబుతుందా!

మరునాడు నేను తప్ప అందరూ, మల్లమ్మతో సహా, గుట్టెక్కారు. నేను ఆ కోడిని పట్టి కోశాను. దారం పొయ్యిలో వేశాను. వాళ్లు దిగి వచ్చాక, దారిన పోయేవాడి దగ్గర చవగ్గా కొన్నానని ఇంట్లోవాళ్లకు చెప్పాను. కోడలే వండింది. అందరం తిన్నాం.

సాయంత్రం మల్లమ్మ ఇంటి వెనక దొరికిన ఈకలు పట్టుకుని వచ్చింది.

"ఏందక్కా ఇది? అమ్మ కోడిని ఎవలు కోసిండ్రు?"

"నన్నెందుకు అడుగుతవ్? వండింది నా కోడలు. వాళ్ల చర్చిల గిసొంటియి పట్టించుకోరు."

"అత్తమ్మా! మీరే గదా కొన్ననన్నరు?" అంది కోడలు.

"నేనెప్పుడన్న? నోరు మంచిగుండాలె."

కొడుకు తల దించుకున్నాడు. మల్లమ్మ పిడికెడు మన్ను తీసి కోడలి ముందు పోసి శాపనార్థాలు పెట్టింది. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ నా కోడలికి కథ చెప్పలేదు. చదువు ఆగిపోయింది. ఇప్పుడు లాలాగూడలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోంది. పొద్దున క్యాంపస్‌లో నడకకు వెళితే ఆమె చదివిన రాతి భవనం వైపు నేను చూడను. మల్లమ్మ కూతురికి కాన్పు ఎట్లా అయిందో తెలియదు. కనుక్కోవచ్చు. కనుక్కోలేదు.

పొదుపు కోసం చేశానని చాన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. పొదుపేనా? లేక కోడలు ఒక ముసలిదాని ముందు అంత అణకువగా కూర్చోవడం, ఆ ముసలిది నేను కాకపోవడం ఓర్చుకోలేకపోయానా?

ఇప్పటికీ కోడలంటే నాకు పడదు. నేనన్నా ఆమెకు పడదు. ఆ రోజు నుంచి ఆమె కోడికూర ముట్టలేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి నాకు మాత్రం వండిపెడుతుంది.

"ఇంకో ముక్క ఎయ్యాల్నా, అత్తమ్మా?" అంటుంది, సూటిగా నా మొహంలోకి చూస్తూ.

"ఎయ్యి" అంటాను. తింటాను.

దారం చూశాను. చూసే కోశాను. అది ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు మీకు తెలిసింది. రాశాక మింగుడు కాస్త సులువైంది. అంతే.